హాస్పిటల్‌లో స్టాఫ్ ట్రైనింగ్‌కి టెక్స్ట్‌బుక్ చాప్టర్లు జిరాక్స్ తీసి పంచొచ్చా? కాపీరైట్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

వార్డు_ఇన్‌చార్జ్, గుంటూరు:

అందరికీ నమస్తే. మాది ప్రైవేటు హాస్పిటల్. నర్సింగ్ కాలేజీ లాంటిదేమీ అనుబంధంగా లేదు, ఒట్టి హాస్పిటలే. హాస్పిటళ్ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్ల ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోందని స్టాఫ్ ట్రైనింగ్ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఐసీయూలో, వార్డుల్లో పనిచేసే సిస్టర్లందరికీ తలా ఒక ఫైలు ఇవ్వాలట. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌ని చూసుకోవడం, బెడ్‌సోర్లు రాకుండా జాగ్రత్తలు, ఇన్‌ఫ్యూజన్ పంపులు, అన్నీ అందులో ఉండాలట. మా నర్సింగ్ ఆఫీసులో విదేశీ పబ్లిషర్ వేసిన క్రిటికల్ కేర్ పుస్తకం ఒకటుంది, ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందులోంచి మూడు చాప్టర్లు అరవై సెట్లు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించమన్నారు.

ఇక్కడిదాకా నాకూ ఏమీ అనిపించలేదు. ఇండెంట్ మీద సంతకం పెట్టి పుస్తకం ఇచ్చి వార్డు బాయ్‌ని ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి పంపాను. ఆ షాపు అబ్బాయి పుస్తకం తెరిచి టైటిల్ పేజీ వెనక ఉన్న చిన్న అక్షరాలు చూపించి, "ఇందులో పర్మిషన్ లేకుండా కాపీ తీయకూడదని రాసుంది, హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద మేడమ్‌తో రాయించుకురా, తీస్తాను" అన్నాడట. లెటర్ అంటే మళ్లీ నా సంతకమే కదా. హెచ్ఆర్ ఆయన్ని అడిగితే "ఢిల్లీ యూనివర్సిటీ కేసులో కోర్టు ఓకే అంది కదమ్మా, చదువు కోసం అయితే ఎంతైనా తీసుకోవచ్చు" అన్నారు. మెడికల్ సూపరింటెండెంట్ సర్ అయితే "ఎవరొచ్చి చూస్తారు" అని తేల్చేశారు. చూస్తే ఇరుక్కునేది ఎవరో ఆయన చెప్పలేదు.

పుస్తకం ఒక్కటే కాదు. మా ఇంటెన్సివిస్ట్ సర్ ఒక జర్నల్ ఆర్టికల్ వాట్సాప్‌లో పంపి అది కూడా ఫైల్లో పెట్టమన్నారు. చేతులు కడుక్కోవడం మీద డబ్ల్యూహెచ్ఓ పోస్టర్ పెద్దది చేసి ప్రతి వాష్‌బేసిన్ దగ్గరా అంటించాలి. బెడ్‌సోర్ రిస్క్ స్కోరు వేసే బ్రేడెన్ స్కేల్, పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి చూసే ఎంఎంఎస్ఈ ఫారం, ఇవైతే ఎప్పటినుంచో జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తూనే ఉన్నాం, అక్షరాలు కూడా సగం అలుక్కుపోయాయి. వీటిలో ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు? ఏదో ఒక దారి చెప్పండి, ట్రైనింగ్ మానేయమని మాత్రం చెప్పకండి.

బీఎస్సీ_నర్సింగ్_బ్యాచ్:

అక్కా మీరు మరీ టెన్షన్ పడుతున్నారు. మేం నాలుగేళ్ల కోర్సూ జిరాక్సులతోనే లాగించాం, ఒరిజినల్ పుస్తకం మొహం చూసినవాళ్లు క్లాసులో ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్క కేసు కూడా వినలేదు. ఆ పబ్లిషర్ల వాళ్లకి గుంటూరులో మీ హాస్పిటల్ ఎక్కడుందో కూడా తెలియదు. లెటర్ ఇవ్వడం ఇష్టం లేకపోతే వేరే షాపుకి పంపండి, అంతే.

లైబ్రరీ_మనిషి, కర్నూలు:

పైన తమ్ముడు చెప్పింది లోకంలో జరిగే సంగతి, మేడమ్ అడిగింది రూలు సంగతి. నేను మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. లాయర్‌ని కాదు, కానీ ఈ సెక్షన్లు కౌంటర్ దగ్గర రోజూ తగిలేవే కాబట్టి తెలిసినంత వరకు రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

మనకి ఉన్నది 1957 కాపీరైట్ చట్టం. ఏవి తప్పు కావో చెప్పేది 52వ సెక్షన్. అందులో మీకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. మొదటిది ఫెయిర్ డీలింగ్, అంటే సొంత వాడకానికి, రిసెర్చ్‌కి తగుమాత్రం కాపీ చేసుకోవడం. మీ ఐసీయూ సిస్టర్ ఒకావిడ రాత్రి డ్యూటీలో కూర్చుని చదువుకుందామని ఆ చాప్టర్ తనకోసం ఒక కాపీ తీసుకుంటే దాన్ని ఎవరూ తప్పుపట్టరు. డాక్టరుగారు ఒక ఆర్టికల్ ప్రింటు తీసుకుని తన ఫైల్లో పెట్టుకున్నా అంతే. కానీ హాస్పిటల్ ఇండెంట్ పెట్టి అరవై సెట్లు తీయించి, "ఇవన్నీ అరవై మంది సొంత వాడకాలే" అంటే చెల్లడం కష్టం. తీయించింది సంస్థ, తన అవసరం కోసం.

రెండోది టీచింగ్ మినహాయింపు. టీచర్ గానీ విద్యార్థి గానీ బోధనలో భాగంగా ఏ రచననైనా కాపీ చేయవచ్చని ఉంది. మీ హెచ్ఆర్ ఆయన చెప్పిన ఢిల్లీ కేసు నడిచింది దీనిమీదే. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అనే షాపు ఉండేది. సిలబస్‌లోని రీడింగులన్నీ కలిపి కోర్సు ప్యాకులు కట్టి ఇచ్చేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి 2012లో దాని మీదా, యూనివర్సిటీ మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి దావా కొట్టేశారు. పబ్లిషర్లు అప్పీలుకెళ్తే డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా టీచింగ్ మినహాయింపుని విశాలంగానే చదివింది, ఇన్ని పేజీలే అని కొలత పెట్టలేదు, బోధనకి ఎంత అవసరమో అంత అంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, మీ హెచ్ఆర్ ఆయన కూడా ఆపేశారు. నిజానికి డివిజన్ బెంచ్ కేసుని పూర్తిగా మూసేయలేదు. ప్యాకుల్లో పెట్టినవి నిజంగా కోర్సుకి అవసరమైనవేనా, పుస్తకాలకి పుస్తకాలే మొత్తం కాపీ చేయడం సంగతేంటి, ఈ రెండూ విచారణ చేసి తేల్చమని కింది జడ్జికి తిప్పి పంపింది. 2017 మార్చిలో పబ్లిషర్లే దావా వెనక్కి తీసుకోవడంతో ఆ ప్రశ్నలు అక్కడే మిగిలిపోయాయి. ఇంకో మాట, అదంతా యూనివర్సిటీ, సిలబస్, స్టూడెంట్లు ఉన్న చోటు గురించి. ప్రైవేటు హాస్పిటల్ తన జీతగాళ్లకి ఇచ్చే ట్రైనింగ్ గురించి ఆ తీర్పులో చర్చే లేదు. మీకు నర్సింగ్ కాలేజీ ఉండి, ట్యూటర్ క్లాసు కోసం తీయించి ఉంటే నేను ధైర్యంగా సరే అనేవాణ్ని. మీ విషయంలో "నేనూ టీచర్‌నే, ఇది కూడా బోధనే" అని వాదించడానికి చోటుంది, గెలుస్తారని మాత్రం ఎవరూ రాసివ్వలేరు.

లైబ్రరీ మినహాయింపు అని ఇంకోటి ఉంది, దాన్ని కూడా తప్పుగా వాడేస్తుంటారు. ఇండియాలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే, లాభం కోసం నడపని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు కాపీల దాకా తీసుకోవచ్చు, అంతే. నర్సింగ్ ఆఫీసు బీరువా పబ్లిక్ లైబ్రరీ కాదు, మీ పుస్తకం ఏ మెడికల్ బుక్ షాపులో అడిగినా తెప్పిస్తారు.

శిక్ష సంగతి కూడా చెప్పేస్తాను, భయపెట్టడానికి కాదు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కు లేని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. తెలిసి చేయడమనేది ఇందులో ముఖ్యం. షాపు అబ్బాయి ఆ పేజీ చూపించాక "నాకు తెలియదు" అనడానికి మీకు వీల్లేకుండా పోయింది. కంపెనీ చేసిన నేరమైతే ఆ పని బాధ్యతల్లో ఉన్నవాళ్లు కూడా జవాబుదారీ అని 69వ సెక్షన్. కాబట్టి మీ సంతకం గురించి మీరు ఆలోచించడంలో తప్పేమీ లేదు, పైన ఇద్దరు సార్లూ ఎంత తేలిగ్గా తీసుకున్నా.

దారి అడిగారు కదా. ఆ మూడు చాప్టర్లని మీరే మీ మాటల్లో మీ హాస్పిటల్ ప్రోటోకాల్‌గా రాయండి. చట్టం కాపాడేది రాసిన తీరుని. అందులోని వైద్య విషయం ఎవరి సొత్తూ కాదు. వెంటిలేటర్ పేషెంట్‌కి తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, నోరు శుభ్రం చేయాలి, సెడేషన్ (మత్తుమందు) ఎప్పటికప్పుడు తగ్గించి చూడాలి, శ్వాస గొట్టం కఫ్ ప్రెషర్ చెక్ చేయాలి, ఇవి ఏ పబ్లిషర్ సొంత ఆస్తీ కావు. పుస్తకంలో పేరాల వరస, వాక్యాలు, బొమ్మలు, ఫ్లోచార్టులు మాత్రం ఎత్తి పెట్టకండి. నాలుగు పేజీల్లో, మీ దగ్గర ఏ కంపెనీ పంపు ఉందో, రాత్రి అలారం మోగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో కూడా కలిపి రాస్తే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకి కూడా అదే నచ్చుతుంది. అసెసర్ వచ్చి సిస్టర్‌ని "మీ పాలసీ ఏంటి" అని అడుగుతాడు గానీ విదేశీ పుస్తకంలో నూట పన్నెండో పేజీలో ఏముందని అడగడు. డ్యూటీలో భాగంగా మీరు రాసినదాని మీద కాపీరైట్ మామూలుగా హాస్పిటల్‌దే అవుతుంది, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి, ఉద్యోగం మారితే ఆ ఫైలు మీతో రాదు.

పుస్తకం పాఠమే కావాలంటే పబ్లిషర్‌కి మెయిలు పెట్టి చాప్టర్‌కి అనుమతి అడగొచ్చు, లేదంటే ఇంకో రెండు మూడు కాపీలు కొని వార్డుల్లో పెట్టొచ్చు. పబ్లిషర్ల, రచయితల తరఫున ఫోటోకాపీ లైసెన్సులు ఇవ్వడానికి ఢిల్లీలో ఐఆర్ఆర్ఓ అనే సంస్థ ఉంది. మన వైపు హాస్పిటళ్లలో దాని పేరు విన్నవాళ్లే నాకు తగల్లేదు.

జిరాక్స్_అండ్_డీటీపీ:

నేను ఒక పెద్ద హాస్పిటల్ గేటు ఎదురుగా షాపు నడుపుతాను. బ్యాచ్ తమ్ముడూ, వేరే షాపుకి పంపమన్నావు, పంపితే తీసేవాడు దొరుకుతాడు, కాదనను. కానీ మాలో కొంతమంది ఎందుకు వెనకాడతారో కూడా తెలుసుకో. రైడ్ అంటూ జరిగితే మొదట వచ్చేది షాపుకే, మిషన్లు, బైండింగ్ చేసిన సెట్లు అన్నీ సీజ్ చేస్తారు, పుస్తకం పంపించినాయన అప్పుడు ఫోన్ ఎత్తడు. పై సర్ చెప్పిన ఢిల్లీ కేసులో కూడా పబ్లిషర్లు దావా వేసింది షాపు మీద కూడా కదా. నా దగ్గరికి డిశ్చార్జ్ సమ్మరీలు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పేపర్లు, కేస్ షీట్లు రోజంతా వస్తాయి, వాటితోనే కడుపు నిండుతుంది. పుస్తకం మొత్తం అంటే నేనూ తీయను. చాప్టర్ ఒక సెట్టో రెండు సెట్లో అయితే అడగను కూడా. అరవై సెట్లంటే మాత్రం లెటర్ అడుగుతాను, ఆ అబ్బాయి చేసింది కరెక్టే.

ఇంకో విషయం మేడమ్, పేషెంట్ల కేస్ షీట్లు బయట షాపులకి పంపకండి, దయచేసి. కాపీరైట్ కంటే అది పెద్ద తలనొప్పి. పేరు, జబ్బు, హెచ్ఐవీ రిపోర్టు, అన్నీ మా కౌంటర్ మీద పరిచి ఉంటాయి, పక్కన టీ తాగేవాడు కూడా చదువుతాడు.

మనసు_డాక్టర్, హైదరాబాద్:

చాప్టర్ల గురించి లైబ్రరీ సర్ వివరంగా చెప్పారు. నేను ఫారాల గురించి రాస్తాను. హాస్పిటళ్లలో ఎక్కువ మంది తెలియకుండా జారిపడేది ఇక్కడే. టెక్స్ట్‌బుక్ చూస్తే దానికి ఓనరు ఉన్నాడని తెలుస్తుంది. ఒక పేజీ ప్రశ్నల కాగితం చూస్తే "ఇది అందరిదీ" అనిపిస్తుంది, ఎందుకంటే మన సీనియర్ల దగ్గరి నుంచీ జిరాక్సే వస్తోంది.

ఎంఎంఎస్ఈ సంగతి చూడండి. ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 1975లో ఒక జర్నల్లో ప్రచురించారు. ఆ తర్వాత పాతికేళ్లు ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంది. రెసిడెంట్లు జేబు డైరీల్లో రాసుకున్నారు, టెక్స్ట్‌బుక్కులు అచ్చేశాయి. 2000 తర్వాత హక్కులు ఒక సంస్థకి బదిలీ అయ్యి, 2001 నుంచి పార్ అనే అమెరికన్ టెస్టుల కంపెనీకి లైసెన్సు ఇచ్చే అధికారం వచ్చింది. అప్పటినుంచి అధికారిక ఫారం ఒక్కోటి డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. 2011లో హార్వర్డ్‌తో సంబంధమున్న డాక్టర్లు కొందరు స్వీట్ 16 అని పదహారు ప్రశ్నల ఇంకో పరీక్ష తయారుచేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెడితే, అది కూడా హక్కుల గొడవలో పడి ఇంటర్నెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. అదే ఏడాది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. "ఇవ్వాళ ఏ తారీఖు, మనం ఏ ఊర్లో ఉన్నాం" అని మంచం దగ్గర పేషెంట్‌ని అడగడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు లెండి. ఆ ఫారాన్ని అచ్చుగుద్దినట్టు కాపీ చేసి కేస్ షీట్‌లో పెట్టడం దగ్గరే పేచీ.

మోకా అని ఇంకో టెస్టు ఉంది, ఎంఎంఎస్ఈ వద్దనుకుని అందరూ దానికి మారారు. 2019లో దానికి కూడా ట్రైనింగ్, సర్టిఫికేషన్ తప్పనిసరి చేశారు. డిప్రెషన్‌కి బెక్ ఇన్వెంటరీ పియర్సన్ కంపెనీది, అమ్ముతారు, అది అసలు జిరాక్స్ తీయకండి. మీరు అడిగిన బ్రేడెన్ స్కేల్ మీద కూడా కాపీరైట్ ఉంది, ఫారం అడుగున దాన్ని తయారుచేసిన బ్రేడెన్, బెర్గ్‌స్ట్రామ్‌ల పేర్లతో 1988 అని చిన్నగా ఉంటుంది, మీ జిరాక్సుల్లో ఈపాటికి అది చెరిగిపోయి ఉండొచ్చు. అనుమతి అడిగి రాతపూర్వకంగా తెచ్చుకుని, కాపీరైట్ లైను తీసేయకుండా, ప్రశ్నలు మార్చకుండా వాడాలి. మన హాస్పిటళ్లలో పై లైన్లు కత్తిరించేసి అక్కడ సొంత లోగో పెట్టుకునే అలవాటు ఒకటుంది చూడండి, నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది అదే.

మంచి వార్త కూడా ఉంది. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7, ఈ రెండింటినీ కాపీ చేయడానికి, అనువదించడానికి, పంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఫారం కిందే రాసి ఉంటుంది. పేషెంట్‌కి స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ సంగతి మీకు తెలిసిందే, స్కోరు వేసుకోవడానికి ఎవరూ డబ్బు అడగరు. జ్ఞాపకశక్తి విషయంలో ఎంఎంఎస్ఈకే అతుక్కుపోనక్కర్లేదు. ఏసీఈ పరీక్షకి తెలుగు రూపం మన నిమ్స్ న్యూరాలజీ వాళ్లు పని చేసి తెచ్చారు. ఐసీఎంఆర్ వాళ్ల న్యూరో కాగ్నిటివ్ టూల్‌బాక్స్ తయారైన ఐదు భాషల్లో తెలుగు ఒకటి. బడికి వెళ్లని పెద్దావిడని ఇంగ్లీషు ఫారం పట్టుకుని అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి అడగడం కంటే మన వాళ్ల మీద పరీక్షించిన తెలుగు టెస్టు వాడటమే వైద్యపరంగా కూడా సబబు. వీటికి కూడా ఎవరి దగ్గర తీసుకోవాలో కనుక్కుని ఒక మెయిలు పెట్టి తెచ్చుకోండి. అడిగితే కాదనే రకం కాదు వాళ్లు.

లెస్టర్_తెలుగు_నర్స్:

నేను యూకేలో ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేస్తున్నాను, అంతకుముందు విజయవాడలో చేశాను కాబట్టి రెండు వైపులా తెలుసు. ఇక్కడ కాపీరైట్ లైసెన్సింగ్ ఏజెన్సీ అని ఉంది, ఎన్‌హెచ్ఎస్‌కి దానితో లైసెన్సు ఉంటుంది. పుస్తకంలో ఒక చాప్టరో, జర్నల్లో ఒక ఆర్టికలో పరిమితిలో ఉంటే తోటి స్టాఫ్‌కి కాపీ చేసి ఇవ్వొచ్చు, మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు. అది కూడా అన్ని పుస్తకాలకీ కాదు, లైసెన్సు కింద ఉన్నవాటికే. అనుమానం వస్తే హాస్పిటల్ లైబ్రేరియన్‌కి మెయిలు పెడతాం, సాయంత్రానికి జవాబొస్తుంది. లైబ్రేరియన్ అంటే పుస్తకాలకి కాపలా ఉండే మనిషి అనుకునేదాన్ని నేను, ఇక్కడికొచ్చాక ఆ అభిప్రాయం మారింది.

ఎన్‌హెచ్ఎస్ లైసెన్సు చూపించి ఇండియాలో తీసుకోవచ్చా అని నన్ను ఫ్రెండ్స్ అడుగుతుంటారు, కుదరదు, అది ఇక్కడి స్టాఫ్‌కే. అలాగే నా లాగిన్‌తో ఆర్టికల్స్ దింపి మన గ్రూపుల్లో పెట్టమని కూడా అడుగుతారు. పెట్టను. లాగిన్ నా పేరు మీద ఉంటుంది, రిజిస్ట్రేషన్ పోతే మళ్లీ తెచ్చుకోవడం మాటలు కాదు.

బీఎల్ఎస్ ట్రైనింగ్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రాథమిక ప్రాణరక్షణ) కూడా మీ ఫైల్లో ఉంటే ఒక మాట. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోర్సు చేయిస్తుంటే దాని మాన్యువల్ జిరాక్స్ తీసి ఇవ్వకూడదు, ప్రతి ఒక్కరి దగ్గరా సొంత మాన్యువల్ ఉండాలన్నది వాళ్ల కోర్సు రూల్లోనే ఉంది.

వార్డు_ఇన్‌చార్జ్, గుంటూరు:

అందరికీ చాలా థ్యాంక్స్. మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి ఇదంతా చదివి వినిపించాను, చాప్టర్లు వద్దు, మనమే రాసుకుందాం అన్నారు. పని నాకే పెరిగింది, అది వేరే సంగతి. బ్రేడెన్ ఫారం అడుగున చూస్తే డాక్టర్ గారు చెప్పినట్టే ఆ లైను సగం మాయమైంది, పైన మా హాస్పిటల్ లోగో నిక్షేపంగా ఉంది. మెయిలు పెడతాను.

ఇంకా మూడు మిగిలాయి. వాట్సాప్‌లో వచ్చిన ఆర్టికల్, డబ్ల్యూహెచ్ఓ పోస్టర్, ఇంకోటి కొత్తది. పేషెంట్ల ఇంటివాళ్లకి ఇవ్వడానికి బెడ్‌సోర్ మీద తెలుగు కరపత్రం వేద్దామనుకుంటున్నాం. అమెరికాలో ఒక హాస్పిటల్ వెబ్‌సైట్‌లో చాలా బాగా రాసింది ఉంది, దాన్ని తెలుగులోకి మార్చి మా పేరుతో వేసుకుంటే? జిరాక్స్ కాదు కదా, అనువాదమే కదా. మా డైటీషియన్ కూడా ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పుస్తకంలోని ఆహార పట్టికలు జిరాక్స్ తీసి పేషెంట్లకి ఇస్తోంది, అది పర్లేదా?

బీఎస్సీ_నర్సింగ్_బ్యాచ్:

జైలు దాకా ఉంటుందని నాకు తెలియదు బాబూ. అయినా నేను చెప్పింది స్టూడెంట్ల సంగతి, స్టూడెంట్లకి ఓకే అని లైబ్రరీ సర్ కూడా అన్నారు కదా 😀

లైబ్రరీ_మనిషి, కర్నూలు:

స్టూడెంట్లకి బోధనలో భాగంగా అవసరమైనంత ఓకే అన్నాను తమ్ముడూ, పుస్తకం మొత్తం స్పైరల్ కొట్టించుకుని జూనియర్లకి సగం రేటుకి అమ్ముకోవడం ఓకే అనలేదు. ఆ పని చేసేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు.

మేడమ్, ఆర్టికల్ సంగతి. మొదటి పేజీ అడుగునో చివరనో లైసెన్సు లైను ఉంటుంది, అది చూడండి. క్రియేటివ్ కామన్స్ అంటే హక్కుదారులే ముందుగా అందరికీ అనుమతి ఇచ్చేసే లైసెన్సు. అందులో బీవై అని ఉంటే పేరు, మూలం చెప్పి ఎన్ని కాపీలైనా తీయొచ్చు. బీవై-ఎన్‌సీ అని ఉంటే లాభం కోసం కాని వాడకానికి మాత్రమే. ఎన్‌డీ అని కూడా ఉంటే మార్చి, కత్తిరించి పంచకూడదు, ఉన్నది ఉన్నట్టే ఇవ్వాలి. మన దేశపు మెడికల్ జర్నళ్లు చాలా వరకు ఈ లైసెన్సుల కింద ఉచితంగానే ఉంటాయి, బెడ్‌సోర్, వెంటిలేటర్ న్యుమోనియా మీద వెతికితే మన ఐసీయూల నుంచి వచ్చినవే దొరుకుతాయి. నెట్‌లో ఫ్రీగా చదవడానికి దొరికింది కాబట్టి ఫ్రీగా పంచొచ్చు అనుకోకండి, రెండూ ఒకటి కాదు. ఏ లైసెన్సూ లేకుండా "ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్" అని ఉంటే లింకు పంపండి. ఎవరికి కావాలంటే వాళ్లు తెరిచి చదువుకుంటారు, ఫైల్లో ఆ లింకు, ఆర్టికల్ పేరు, మీ మాటల్లో అర పేజీ సారాంశం పెట్టండి. ఆ సర్ దాన్ని ఏదైనా గవర్నమెంటు కాలేజీ లాగిన్ నుంచి దింపి ఉంటే ఇంకా జాగ్రత్త. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక ప్రభుత్వ విద్యాసంస్థల్లో బోలెడు జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి, కానీ అవి ఆ సంస్థల వాళ్ల వాడకానికి, ప్రైవేటు హాస్పిటల్ ట్రైనింగ్ ఫైళ్లకి కాదు.

డబ్ల్యూహెచ్ఓ కొత్త ప్రచురణలు ఎక్కువగా క్రియేటివ్ కామన్స్ కిందే వస్తాయి, బీవై-ఎన్‌సీ-ఎస్ఏ. మీ పోస్టర్ మీద ఏముందో చూడండి, పాతవాటికి నియమాలు వేరుగా ఉండొచ్చు. ఆ లైసెన్సు ఉంటే తెలుగు చేసుకోవచ్చు కూడా. అనువాదం డబ్ల్యూహెచ్ఓ చేసినది కాదని, అందులో తప్పులుంటే దానికి బాధ్యత లేదని ఒక వాక్యం పెట్టాలి, వాళ్ల లోగో మీ కరపత్రం మీద వేయకూడదు, మీరు తయారుచేసింది కూడా అదే లైసెన్సు కింద ఇతరులకి వదలాలి. వాష్‌బేసిన్ దగ్గర అంటించుకోవడానికి ఇబ్బందేమీ కనిపించట్లేదు. హాస్పిటల్ ప్రకటనలో మాత్రం వాడొద్దు, మార్కెటింగ్ వాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

అమెరికా హాస్పిటల్ కరపత్రం విషయానికొస్తే, అనువాదం చేసుకునే హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే, చట్టంలో 14వ సెక్షన్లోనే ఉంది. తెలుగులోకి మార్చి మీ పేరు వేసుకుంటే జిరాక్స్ కంటే ఎక్కువే అవుతుంది, తక్కువ కాదు. వాళ్లకి మెయిలు పెడితే చాలాసార్లు ఒప్పుకుంటారు. కానీ దాని అవసరమే లేదని నా అభిప్రాయం. ఆ కరపత్రంలో ప్రెషర్ రిలీఫ్ మ్యాట్రెస్, హోమ్ కేర్ నర్స్ అని ఉంటుంది, మీ పేషెంట్ నరసరావుపేట పక్క పల్లెకి వెళ్లి నులక మంచం మీద పడుకుంటాడు. రెండు గంటలకోసారి ఎలా పక్కకి తిప్పాలో, మడమల కింద దిండు ఎక్కడ పెట్టాలో, చర్మం ఎర్రబడి నొక్కితే తెల్లబడకపోతే ఏం చేయాలో మీ సిస్టర్లు డిశ్చార్జ్ రోజు ఇంటివాళ్లకి నోటితో రోజూ చెప్పేదే కదా, దాన్నే కాగితం మీద పెట్టండి. బొమ్మల కోసం గూగుల్లోంచి ఎత్తకండి, మీ స్టాఫ్‌లోనే ఒకరిని మంచం మీద పడుకోబెట్టి ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి, వాళ్లతో ఒప్పుకుంటున్నట్టు ఒక సంతకం చేయించుకుని.

ఎన్ఐఎన్ విషయం. ఎన్ఐఎన్ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది, పుస్తకాల ధరలు విదేశీ పుస్తకాల్లాగా ఉండవు, డైటీషియన్‌కి ఒకటి కొనివ్వమనండి. వంద గ్రాముల కందిపప్పులో ఎంత ప్రొటీన్ ఉందన్నది ఎవరి సొత్తూ కాదు, పేషెంట్‌కి రాసే డైట్ చార్టులో ఆ అంకె వేసుకుని ఎన్ఐఎన్ అని మూలం రాస్తే చాలు. పట్టికల పేజీలకి పేజీలు తీసి పంచనక్కర్లేదు, చూడబోతే పేషెంట్ దాన్ని చదవడు కూడా. 2024లో వచ్చిన డైటరీ గైడ్‌లైన్స్ సైటులోనే దొరుకుతాయి, ఆ లింకు ఇవ్వొచ్చు. ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్ గైడ్‌లైన్లకి కూడా ఇదే పద్ధతి, లోపలి పేజీలో మూలం చెప్పి వాడుకోవచ్చని ఉంటే వాడుకోండి, లేకపోతే అడగండి. గవర్నమెంటుది కాబట్టి కాపీరైట్ ఉండదనుకోవద్దు, ప్రభుత్వ రచనలకి కూడా 60 ఏళ్లు ఉంటుంది. గెజిట్లో వచ్చినవి, చట్టాలు, కోర్టు తీర్పుల విషయంలో చాలావరకు మినహాయింపు ఉంది.

ఈ మెయిళ్లు, జవాబులు అన్నీ ప్రింటు తీసి ఒక ఫైల్లో పెట్టి నర్సింగ్ ఆఫీసులో ఉంచండి. రేపు మీరు సెలవులో ఉన్నప్పుడు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. షాపు అబ్బాయికి లెటర్ కూడా ఇవ్వొచ్చు ఇప్పుడు, "ఇది మా హాస్పిటల్ సొంత ప్రోటోకాల్" అని.